పోరస్ ఏనుగుల బారు ఎంత పొడవు?

చదరంగం ఎరుగని ఊరు మన దేశంలో అరుదు. అరుగుమీద ఇద్దరు ఆడుతుంటే చుట్టూ నలుగురు చేరి ఎత్తులు చెప్పడం, చెప్పినవారిని ఆడేవారు కసరడం అందరూ చూచినదే. కాని ఆ బల్ల ఒకనాటి సేనకు నమూనా అనే సంగతి ఆటలో పడినవారికి గుర్తుండదు. చతురంగమంటే ఏనుగులు, రథాలు, గుఱ్ఱాలు, కాల్బలం అనే నాలుగు అంగాలు గల సైన్యం. 7వ శతాబ్దంలో బాణుడు హర్షచరితంలో ఈ ఆటను ప్రస్తావించినాడు. ఇక్కడినుండి అది పారశీకానికి ‘చత్రంగ్’ అనే పేరుతోను, అరబ్బులకు ‘షత్రంజ్’ అనే పేరుతోను చేరి, వారి ద్వారా ఐరోపాకు పోయింది. దారిలో మంత్రి రాణి అయినాడు. ఇంగ్లండులో ఏనుగు క్రైస్తవ మతాచార్యుడైంది. యుద్ధం మరపునకు వచ్చి ఆట మాత్రం మిగిలింది.

18వ శతాబ్దంలో ఈ ప్రయాణం వెనుకకు తిరిగింది. ఆటలోనికి మళ్ళీ యుద్ధాన్ని తీసికొని రావాలని కొందరు జర్మనులు పూనుకొన్నారు. బ్రన్స్‌విక్ నగరంలో హెల్‌విగ్ అనే గణితోపాధ్యాయుడు 1780లో ప్రకటించిన ఆటలో 64 గళ్ళకు బదులు 1,600కు పైగా గళ్ళున్నవి. కొండకు ఒక రంగు, నీటికి ఒక రంగు, చిత్తడి నేలకు మరొకటి. పావు ఎక్కడికి పోగలదో నిర్ణయించేది దాని జాతి ఒక్కటే కాదు, కాలికింది నేల కూడ. ఈ చిన్న మార్పులోనే అసలు కీలకమున్నది. చదరంగంలో గుఱ్ఱానికి బురద అంటదు.

తరువాత బ్రెస్లావ్‌లో రైస్‌విట్స్ అనే ప్రష్యను ఉద్యోగి గళ్ళను పూర్తిగా తీసివేసి, కొండలూ లోయలూ ఎత్తుపల్లాలతో తీర్చిన బల్లను తయారుచేసి 1812లో ప్రష్యా రాజుకు సమర్పించినాడు. ఆతని కుమారుడు ఫిరంగిదళంలో అధికారి. అతడు 1824లో ఆ ఆటను 1:8,000 స్కేలుగల పటంమీదికి మార్చినాడు. ఒక్కొక్క ఎత్తు అంటే రెండు నిమిషాల యుద్ధకాలం. రెండు పక్షాలకు నడుమ ఒక మధ్యస్థుడుంటాడు. ఎవరి కంటికి ఏది కనబడగలదో అంతమాత్రమే వారికి చెబుతాడు. తుపాకి దెబ్బకు ఎందరు పడతారనేది పట్టికలూ పాచికలూ తేలుస్తవి. ప్రష్యను సేనానాయకుడు మ్యూఫ్లింగ్ మొదట ఉదాసీనంగా చూడడానికి కూర్చుండి, ఆట ముగిసేసరికి ఇది ఆట కాదు, శిక్షణ అని మెచ్చి సైన్యమంతటికీ సిఫారసు చేసినాడు. ఆ యువకుడు 1827లోనే ఆత్మహత్య చేసికొన్నాడు. తన ఆట దేశాలు దాటడం చూడలేదు. 1870-71లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించిన తరువాత ఇతర సైన్యాలన్నీ దానిని తెచ్చుకొన్నవి.

సైనికుల చేతినుండి ఇది పౌరుల ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే హెచ్.జి. వెల్స్ పేరు రావలసిందే. శాస్త్రీయ కల్పనలు వ్రాసిన ఆ రచయితే 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకం ప్రకటించినాడు. గది నేలమీద సీసపు సిపాయిలు, పుస్తకాలతో కట్టిన కొండలు, స్ప్రింగుతో పుల్లను విసరే బొమ్మ ఫిరంగి. పెద్దలు నేలమీద పాకుతూ ఆడుకొనే ఈ చిన్న యుద్ధాలు నిజమైన యుద్ధాలకంటె ఎంతో మేలని ఆయన వాదం. మరుసటి సంవత్సరమే ఐరోపా అంతా నిజమైన యుద్ధంలో పడిపోయింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ వేడుకకు మళ్ళీ ప్రాణం వచ్చింది. ఇంగ్లండులో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో ‘వార్ గేమ్స్’ అనే పుస్తకం వ్రాసినాడు. వృత్తిచేత ఆయన వ్యాయామచికిత్సకుడు. ఆయన ఆటమిత్రుడు టోనీ బాత్‌కు తుపాకులకంటె ఈటెలమీద మక్కువ. బాత్ ప్రోద్బలంతో 1965లో ‘సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్’ అనే సంఘం ఏర్పడి ‘స్లింగ్‌షాట్’ అనే పత్రికను నడపసాగింది. స్లింగ్‌షాట్ అంటే వడిసెల రాయి. 1969లో ఫిల్ బార్కర్, ఆతని మిత్రులు ప్రాచీన యుద్ధాలకు ఒక నియమావళి అచ్చువేసినారు. బార్కరే 1990లో సహరచయితలతో కలిసి, ప్రతి పక్షానికి 12 దళాలు చాలునంటూ మరొక సంక్షిప్త నియమావళిని తెచ్చినాడు. రెండడుగుల చదరపు బల్లమీద ఒక గంటలో ఆట ముగుస్తుంది. 25 మిల్లీమీటర్ల బొమ్మలు, 15 మిల్లీమీటర్లవి, 6 మిల్లీమీటర్లవి కూడ వచ్చినవి. వాటి డాళ్ళకు రంగులు వేయడమే కొందరికి ఆటకంటె ఎక్కువ తృప్తి. రోము, కార్తేజి, పారశీకం వలెనే ప్రాచీన భారత సైన్యానికీ ఈ నియమావళులలో స్థానమున్నది.

ఇంతవరకు చెప్పినది కాలక్షేపం కథ. తుపాకుల కాలపు యుద్ధాలకు పటాలున్నవి, ఆజ్ఞాపత్రాలున్నవి, సైనికుల ఉత్తరాలున్నవి. ప్రాచీన యుద్ధాలకు అవేమీ లేవు. ఒక యుద్ధాన్ని గురించి రెండుమూడు గ్రంథాలు మిగిలితే అదే గొప్ప. వాటిలో చాలవరకు ఆ యుద్ధం జరిగిన తరువాత ఒక తరానికో, నాలుగు శతాబ్దాలకో వ్రాసినవి. వాటిలోని సంఖ్యలు ఒకదానితో ఒకటి పొసగవు. అటువంటప్పుడు ఏ సంఖ్యను నమ్మాలి? వ్రాసినవాని యోగ్యతను బట్టి తూచడం ఒక పద్ధతి. నేలను అడగడం మరొక పద్ధతి. బల్లమీద బొమ్మలను నిలబెట్టేవాడు తెలిసో తెలియకో ఈ రెండవ పనే చేస్తున్నాడు. బొమ్మకు కొంత వెడల్పున్నది, బల్లకు ఒక అంచున్నది. కావ్యంలో ఎన్ని లక్షల సేననైనా నడపవచ్చు గాని బల్లమీద చోటు చాలకపోతే సేన నిలవదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ దీనిని చేసి చూపినాడు. ఆయన పుస్తకాల పురుగు కాదు. అచీయన్ సంఘానికి ఆశ్వికదళపతిగా పనిచేసినవాడు. క్రీ.పూ. 333లో అలెగ్జాండరు ఇస్సస్‌వద్ద డరయస్‌ను ఓడించిన యుద్ధాన్ని గురించి, అలెగ్జాండరు వెంటనున్న కల్లిస్తనీస్ వ్రాసిన వర్ణనను ఆయన చేతిలోనికి తీసికొన్నాడు. కొండకూ సముద్రానికీ నడుమ స్థలం 14 స్టేడియాలని కల్లిస్తనీస్ మాట. స్టేడియం అంటే 600 గ్రీకు అడుగులు, ఇంచుమించు 180 మీటర్లు. పారశీకుల గుఱ్ఱాలు 30,000, కిరాయి పదాతులు మరొక 30,000 అనికూడ ఆయనే వ్రాసినాడు. పాలిబియస్ లెక్క ఇది: గుఱ్ఱాలను యుద్ధంలో 8 వరుసలకంటె మందంగా నిలుపరాదు, దళానికీ దళానికీ నడుమ తిరగడానికి చోటు వదలాలి, అట్లా నిలిపితే ఒక స్టేడియంలో 800 గుఱ్ఱాలు పడతవి. 14 స్టేడియాలలో 11,200. మిగిలిన 18,800 గుఱ్ఱాలు కొండ ఎక్కాలి, లేదా సముద్రంలో దిగాలి. ఇక పదాతులు ఎక్కడ నిలవాలో కల్లిస్తనీస్‌నే అడగాలి.

ఈ గుణకారంలో హైస్కూలు విద్యార్థికి రానిది ఏమీ లేదు. అయినప్పటికీ దానిని మళ్ళీ గట్టిగా చేపట్టడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది. బెర్లినులో హాన్స్ డెల్‌బ్రూక్ యుద్ధకళాచరిత్రపై తన మహాగ్రంథం మొదటి సంపుటాన్ని 1900లో ప్రకటించినాడు. క్జెర్‌క్సీస్ గ్రీసుపై దండెత్తినప్పుడు హెరొడోటస్ చెప్పిన సేనా పరివారాలలో 42 లక్షలమందిని లెక్కకు తీసికొని ఆయన ఒక ప్రశ్న వేసినాడు. 30,000 మంది గల జర్మను సైన్యవిభాగం, బండ్లు లేకుండానే, రోడ్డున నడిస్తే దాని తోక తలకు దాదాపు 22 కిలోమీటర్లు వెనుకనుంటుంది. ఆ లెక్కన పారశీకసేన పొడవు 3,000 కిలోమీటర్లకు పైమాటే. ముందున్నవాడు థర్మోపిలే కనుమ చేరినప్పుడు చివరివాడు టైగ్రిస్ నదికి ఆవల సూసా నగరంనుండి అప్పుడే బయలుదేరుతూ ఉండాలి! ఈ ఒక్క చిత్రంతో శతాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు మోసిన సంఖ్య కూలిపోయింది.

మన అక్షౌహిణిని కూడ ఇదే త్రాసులో పెట్టిచూస్తే ఏమవుతుంది? అక్షౌహిణికి 21,870 ఏనుగులు, అన్నే రథాలు, 65,610 గుఱ్ఱాలు, 1,09,350 పదాతులు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱాలు, ఐదుగురు పదాతులు గల ‘పత్తి’ని మూడుచొప్పున ఏడుసార్లు హెచ్చించి, చివర పదితో గుణించితే వచ్చేవి ఇవి. మూడును ఏడుసార్లు గుణించగా 2,187. కనుక ఇది యుద్ధభూమిలో తలలు లెక్కపెట్టి వ్రాసిన సంఖ్య కాదు, గణితప్రియుడైన ఒక పూర్వుడు కట్టిన సోపానం. అందులో అందమున్నది. దానిని సైనికనివేదికగా చదవడమే పొరపాటు. ఏనుగుకూ ఏనుగుకూ నూరడుగులు వదలి ఒకే బారున నిలిపితే ఒక్క అక్షౌహిణికి 660 కిలోమీటర్లు కావాలి. హైదరాబాదునుండి విశాఖపట్టణం దాకా ఒక బారు అన్నమాట.

ఆ నూరడుగుల కొలత ఎక్కడిదంటే, వితస్తా తీరాననుండి వచ్చింది. క్రీ.పూ. 326లో నేటి జీలం నది ఒడ్డున అలెగ్జాండరు పౌరవ రాజును ఎదిరించినాడు. మన పాఠాలలో పురుషోత్తముడని కూడ పిలిచే ఈ రాజును గ్రీకులు పోరస్ అన్నారు. భారతీయ గ్రంథాలలో ఈ యుద్ధం ప్రసక్తి లేదు. నాలుగైదు శతాబ్దాల తరువాత అరియన్ పూర్వుల రచనలను ఆధారం చేసికొని వ్రాసిన గ్రంథం ఒకటి, కర్టియస్, డియొడోరస్‌ల వర్ణనలు వేరే. ఇక్కడే బల్ల పనికి వస్తుంది.

అరియన్ ప్రకారం పోరస్ వెంట 30,000 పదాతులు, 4,000 గుఱ్ఱాలు, 300 రథాలు, 200 ఏనుగులు ఉన్నవి. ఏనుగులు ముందు వరుసలో ఒక్కొక్కటి నూరడుగులకు తక్కువ కాకుండ ఎడంగా నిలిచినవి. వాటి సందులలో, వెనుకగా, పదాతులు. రెండు కొసలనూ గుఱ్ఱాలు, వాటి ముందు రథాలు. రాత్రి గాలివానలో నది దాటి ఈ సేనను ఢీకొన్న అలెగ్జాండరు దళంలో 5,000 గుఱ్ఱాలు, 6,000కు కొంచెం తక్కువగా పదాతులు ఉన్నారని కూడ అరియనే వ్రాసినాడు. మిగిలిన సైన్యం అప్పటికి ఆవలి ఒడ్డుననే ఉన్నది.

బల్లమీద ఒక సెంటిమీటరుకు 25 మీటర్ల స్కేలు తీసికొందాం. 200 ఏనుగులకు నూరడుగుల చొప్పున 6 కిలోమీటర్లు. బల్లమీద 240 సెంటిమీటర్లు. ఎదుట అలెగ్జాండరు పదాతులందరినీ 8 వరుసలలో, మనిషికి మూడడుగుల చొప్పున నిలిపితే 27 సెంటిమీటర్లు. గుఱ్ఱాలను పాలిబియస్ కొలత ప్రకారం నిలిపితే మరొక 45. మొత్తం 72 సెంటిమీటర్లు. ఎనిమిదడుగుల బారుకు ఎదురుగా మూడడుగులైనా లేని బారు! ఈ వ్యత్యాసం పుస్తకం చదివినప్పుడు కనబడదు. బొమ్మలు పెట్టగానే కండ్లను పొడుస్తుంది.

ఇంతమాత్రాన అరియన్ సంఖ్య అబద్ధమని త్రోసివేయరాదు. 30,000 పదాతులను ఆ 6 కిలోమీటర్లలో పరిస్తే ప్రతి సందుకూ నూటయాభైమంది వస్తారు. మనిషికి మూడడుగులైతే నాలుగైదు వరుసలు. అది అసాధ్యం కాదు. పైగా అలెగ్జాండరు మధ్యభాగాన్ని తాకకుండ పోరస్ ఎడమకొసమీదనే ఎందుకు పడినాడో కూడ ఈ పొడవే చెబుతుంది. అంత పొడవైన బారుకు ఒక కొసన మంట లేస్తే రెండవ కొసకు వేడి తగలదు.

చిక్కు కొయినస్ దగ్గర వస్తుంది. కొయినస్ అలెగ్జాండరు గుఱ్ఱపు దళపతులలో ఒకడు. యుద్ధారంభంలో అతనిని కొంత దళంతో ‘కుడివైపునకు’ పంపినారనీ, పోరస్ గుఱ్ఱాలు అలెగ్జాండరు వైపు తిరిగినప్పుడు అతడు వాటి వెనుకనుండి పడినాడనీ, దానితో అవి ఒకేసారి రెండు దిక్కులా పోరాడవలసి వచ్చి చెదరి ఏనుగుల చాటుకు తగ్గినవనీ అరియన్ కథనం. ఎవరి కుడివైపు? పోరస్ కుడివైపే అయితే కొయినస్ బారు చివరనుండి చివరకు రావాలి. బారు 6 కిలోమీటర్లైతే, గంటకు 12 కిలోమీటర్ల దుడుకునడకతో గుఱ్ఱానికి అరగంట పడుతుంది. అరగంటసేపు ఎడమకొసన పోరు తేలకుండా, అతని రాకకోసం కాచుకొని ఉన్నదా? కర్టియస్ ఏనుగులు 85 అన్నాడు. నూరడుగుల ఎడమే ఉంచితే బారు రెండున్నర కిలోమీటర్లు, బల్లమీద ఒక మీటరు. కొయినస్ పన్నెండు పదమూడు నిమిషాలలో రాగలడు. డియొడోరస్ చెప్పిన 130 ఏనుగులైతే నాలుగు కిలోమీటర్లు. యుద్ధోపాయాలు సంకలనం చేసిన పాలియేనస్ ఎడం యాభై అడుగులే అన్నాడు. అప్పుడు 200 ఏనుగులు కూడ మూడు కిలోమీటర్లలో ఇముడుతవి.

కాబట్టి 200 ఏనుగులు, నూరడుగుల ఎడం, బారు వెంట కొయినస్ సవారి, ఈ మూడూ ఒకే బల్లమీద సుఖంగా ఇమడవు. ఏదో ఒకటి వదలుకోవాలి. ఏది వదలాలో బల్ల చెప్పదు. కాని ఈ ఎంపిక చిన్నదేమీ కాదు. పొడవైన బారును నమ్మితే, పెద్దసేన నాయకుని అందుబాటు దాటిపోయి, సగం సైన్యం చేతులు ముడుచుకొని ఉండగా పోరస్ ఓడినాడు. పొట్టి బారును నమ్మితే, సమానమైన పోరులో గుఱ్ఱపుదళం నైపుణ్యంచేత ఓడినాడు. ఏనుగులు బెదరి సొంతవారినే త్రొక్కినవి కనుక ఓడినాడని బడిపుస్తకాలు నేర్పే కథ ఈ రెండింటి తరువాతి అంకం మాత్రమే. అరియన్ వర్ణనలో ఏనుగులు మొదట గ్రీకు పదాతులను గట్టిగానే చీల్చినవి. ఇరుకున చిక్కి, మావటీలు పడిపోయి, గాయపడిన తరువాతనే అవి స్వపరభేదం మరచినవి.

ఇక ఆట నియమాల మాట. బార్కరు సంక్షిప్త నియమాలలో ఆటగాడు ప్రతి వంతుకూ పాచిక వేస్తాడు. ఎంత పడితే అన్ని దళాలను, లేదా కలిసి నడిచే దళసమూహాలను, కదల్చవచ్చు. ఒకటి పడితే ఒక్కటే. దుమ్ములో కేకలమధ్య రాజాజ్ఞ ఎక్కడెక్కడికి చేరుతుందో ఎవరు చెప్పగలరు? దానికి ఈ పాచిక ప్రతినిధి. కలసివున్న సేనకు ఒక్క ఆజ్ఞ చాలును. చెదరిన సేనకు పది కావాలి. పోరస్ పక్షాన ఆడేవాడు ఎడమకొస చెదరగానే కుడికొసనుండి సాయం తేవాలని చూస్తాడు. పాచిక రెండు చూపుతుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆట ముగిసిన తరువాత ‘చూచినారా, పోరస్ ఆజ్ఞలు చేరక ఓడినాడు’ అంటే అది రుజువు కాదు. ఆజ్ఞలు చేరడం కష్టమనే అభిప్రాయాన్ని నియమంలో ముందే పెట్టినారు. అదే ఫలితంలో తిరిగి వచ్చింది. సమీకరణంలో ఊహించి వేసిన విలువను జవాబులో చూచి ఆశ్చర్యపడే విద్యార్థి ఉపాధ్యాయులందరికీ తెలిసినవాడే. కొలతలు చెప్పే సాక్ష్యం వేరు, పాచికలు చెప్పేది వేరు. ఈ భేదం పాటించని ఆటగాళ్ళు తక్కువేమీ కాదు.

బల్లకెక్కనివి మరికొన్ని ఉన్నవి. భారతీయుల విల్లు మనిషంత పొడవు; ఒక కొనను నేలకు ఆనించి, ఎడమకాలితో అదిమి లాగేవారని అరియన్ తన మరొక గ్రంథంలో వ్రాసినాడు. రాత్రి వానకు నేల జారుడై విండ్లు ఆనలేదని కర్టియస్ అంటాడు. యుద్ధానికి ముందు పోరస్ కుమారుడు తెచ్చిన రథాలు ఆ బురదలోనే కూరుకొన్నవి. బల్లమీద దీనికంతటికీ ఒకటే చికిత్స: విలుకాండ్ర అంకెలో ఒకటి తగ్గించడం, రథాల నడకలో సగం కోయడం. ఎందుకు ఒకటే, రెండు కాదు? నియమం వ్రాసినవాని మనస్సాక్షి తప్ప మరొక ఆధారం లేదు.

ఇంకొక చిక్కు అంతకంటె లోతైనది. ఆడేవానికి కథ తెలుసును. క్రీ.పూ. 216లో కన్నేవద్ద హానిబాల్ మధ్యభాగాన్ని వెనుకకు తగ్గించి రోమనులను లోనికి లాగి చుట్టుముట్టినాడు. ఇవాళ రోమను పక్షాన కూర్చున్న ఏ కాలేజీ కుర్రవాడూ ఆ వలలో పడడు. అప్పుడు ఆ ఆట కన్నేను గురించి ఏం చెప్పినట్లు? లండను కింగ్స్ కాలేజీ ఆచార్యుడు ఫిలిప్ సేబిన్ 2007లో ‘లాస్ట్ బాటిల్స్’ అనే గ్రంథంలో దీనికి ఒక దారి వెదికినాడు. ఎన్నో ప్రాచీన యుద్ధాలను ఒకే నియమాలతో, కొద్దిపాటి పెద్ద గళ్ళుగల పటంమీద ఆడించినాడు. ఒక యుద్ధానికి సంఖ్యలు సరిగా దొరకకపోతే, అదే జాతి సేన ఇతర యుద్ధాలలో నడచిన తీరును బట్టి ఏ అంచనా చరిత్రలోని ఫలితానికి దగ్గరగా వస్తుందో పోల్చిచూడడం ఆయన పద్ధతి. గెలుపుకు కూడ వేరే కొలత పెట్టినాడు: చరిత్రలో ఓడినవాడు బల్లమీదకూడ ఓడవచ్చు, కాని ఆనాటికంటె మెరుగుగా ఓడితే ఆట అతనిదే. మన పులిజూదం ఆడినవారికి ఈ న్యాయం వింతగా తోచదు. మూడు పులులకూ పదునైదు మేకలకూ నడుమ బలాలు సమానం కావు, గెలుపు షరతులూ సమానం కావు. అయినా ఆట ధర్మంగానే సాగుతుంది.

వితస్తా యుద్ధానికి మాత్రం ఇంకా తీర్పు రాలేదు. నది దారి మార్చుకొన్నందున రణస్థలం ఇదీ అని గుర్తుపట్టడమే కష్టమైంది; జీలం పట్టణం చుట్టుప్రక్కల అని కొందరు, దిగువన జలాల్‌పూర్ దగ్గర అని కొందరు. నేల దొరికితే బారు పొడవు చాలవరకు తేలిపోయేది. అంతవరకు ఆటగాళ్ళు ఒకనాడు 85 ఏనుగులు పెట్టి, మరొకనాడు 200 పెట్టి చూస్తున్నారు. కొయినస్‌ను కొందరు బల్లకు ఈ కొసనుండి నడుపుతారు, కొందరు ఆ కొసనుండి.